ఫొటోలో గీత ఉండదు

వాకిట్లో వేసిన మెలికల ముగ్గును ఫోన్‌తో ఫొటో తీసి, "పూజ గది తలుపు మీద అచ్చం ఇలాగే రావాలి" అని సీఎన్‌సీ కటింగ్ షాపు వాట్సాప్‌కు పంపేవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "సార్, ఇది జేపెగ్. డీఎక్స్ఎఫ్ ఉందా?" లేదంటే ట్రేస్ చేయాలి, డిజైన్ చార్జీ వేరే అంటారు. ఫొటో ఇంత స్పష్టంగా ఉంటే మళ్లీ చార్జీ దేనికన్న అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు చెప్పే తీరిక షాపులో ఎవరికీ ఉండదు. జవాబు మాత్రం ఆసక్తికరమైనది. అందులో ఒక పసివాడి ఫొటో ఉంది, రెండు ఫ్రెంచి కార్ల కంపెనీలు ఉన్నాయి, కొంత జ్యామితి ఉంది.

ఫొటోలో మనకు కనబడే గీత నిజానికి అక్కడ లేదు. ఉన్నవి చదరపు గడులు. ఒక్కో గడికి ఒక అంకె: 0 అయితే నలుపు, 255 అయితే తెలుపు, మధ్యలోవి బూడిద ఛాయలు. రంగు ఫొటో అయితే గడికి మూడేసి అంకెలు. ఈ గడుల పట్టికనే బిట్‌మ్యాప్ అంటారు, గడిని పిక్సెల్ అంటారు. ముగ్గు గీత పక్కపక్కనే ఉన్న కొన్ని వేల తెల్లగడులుగా మాత్రమే ఆ ఫైలులో ఉంటుంది. "ఈ గడి, ఆ గడి ఒకే గీతలోవి" అన్న మాట ఫైలులో ఎక్కడా రాసి ఉండదు. వాటిని కలిపి గీతగా చూసేది మన కన్ను.

ఈ పద్ధతి వయసు ఏడు దశాబ్దాలకు దగ్గర పడింది. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసే రసెల్ కిర్ష్, మూడు నెలల తన కొడుకు ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఐదు సెంటీమీటర్ల చదరపు ఫొటో. అడ్డంగా 176, నిలువుగా 176, మొత్తం 30,976 గడులు. ఆ స్కానరుకు తెలిసింది నలుపూ తెలుపే. బూడిద ఛాయలు రావాలంటే హద్దు మార్చుకుంటూ పలుమార్లు స్కాన్ చేసి కలపాల్సి వచ్చేది. గడిని చదరంగా పెట్టడం తెలివైన పని కాదని కిర్షే తర్వాత అనుకున్నాడు. ఎనభై దాటిన వయసులో కూడా గడుల ఆకారాన్ని బొమ్మకు తగ్గట్టు మార్చే పద్ధతి మీద పనిచేశాడు. ఈలోగా చదరపు గడి ప్రపంచమంతా పాతుకుపోయింది. తెరకు అది చాలు. చెక్కే మరకే చాలదు.

సీఎన్‌సీ రూటరుకు నలుపు తెలుపుల గొడవ పట్టదు. తిరిగే బిట్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు పోవాలి, ఎంత వేగంతో, ఎంత లోతున అన్నవే దానికి కావాలి. దానికిచ్చే ఆదేశాల పేరు జీ-కోడ్. జీ0 అంటే చెక్కకు తగలకుండా వేగంగా జరుగు. జీ1 అంటే తిన్నగా కోసుకుంటూ ఫలానా బిందువుకు పో. జీ2, జీ3 అంటే వృత్తఖండం మీదుగా పో, ఒకటి సవ్యదిశలో, రెండోది అపసవ్యదిశలో. అంతే దాని ప్రపంచం. ఈ తరహా యంత్రాన్ని మొదట 1952లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జనానికి చూపించారు. ఆలోచన అంతకు ముందే జాన్ పార్సన్స్‌ది. హెలికాప్టర్ రెక్కల ఒంపును కచ్చితంగా కొలిచే అచ్చుపలకల కోసం ఒంపు మీది బిందువులను కార్డులు చదివే లెక్కల యంత్రాలతో ముందే గుణించి, ఆ అంకెలనే కోతకు వాడుకోవచ్చని ఆయన గ్రహించాడు. ఆనాడు ఆదేశాలు కాగితపు టేపు మీద చిల్లులుగా ఉండేవి, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో వస్తున్నాయి. మరకు కావలసింది అంకెలైన దారి అన్న సంగతి మాత్రం మారలేదు.

ఆ దారి తిన్నని గీతలైతే చిక్కు లేదు. ముగ్గులో తిన్నని గీత ఎక్కడుంది? వంపును అంకెల్లో చెప్పడమెలా అన్న ప్రశ్న కార్ల కంపెనీలకు ముందే ఎదురైంది. 1950ల చివర్లో ఫ్రాన్సులో కారు పైతొడుగు ఒంపును పూర్తి సైజులో కాగితం మీద గీసి, దాన్ని చూస్తూ నమూనా చెక్కి, నమూనా నుంచి అచ్చులు తీసేవారు. చేతులు మారిన ప్రతిసారీ ఒంపు కాస్త మారేది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో అనే గణితజ్ఞుడు 1959లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కంపెనీ దాన్ని రహస్యంగా దాచింది. రెనో కంపెనీలో పియర్ బెజియే అనే ఇంజనీరు 1960లలో వేరే దారిన అదే చోటుకు చేరి, తన పనిని ప్రచురించాడు. అందుకే ఆ వంపును ఇవాళ లోకం బెజియే వంపు అంటోంది. కాస్తెల్జో పేరు దాన్ని లెక్కించే పద్ధతికి దక్కింది. రహస్యం దాచుకున్నవాళ్లకు దక్కే పేరు ఆ మాత్రమే.

ఉపాయం సులువు. స్కేలూ పెన్సిలూ ఉంటే ఇప్పుడే చేసి చూడవచ్చు. కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టండి. మొదటిది వంపు మొదలు, నాలుగోది చివర. మధ్య రెండూ వంపు మీద ఉండవు. అవి వంపును తమ వైపు లాగే చుక్కలు. వరుసగా నాలుగింటినీ కలిపితే మూడు గీతలు వస్తాయి. మూడింటి మధ్యబిందువులు గుర్తించి కలిపితే రెండు గీతలు. ఆ రెండింటి మధ్యబిందువులు కలిపితే ఒకే గీత. దాని మధ్యబిందువు కచ్చితంగా వంపు మీద ఉంటుంది. మధ్యకు బదులు మూడో వంతు, పదో వంతు, ఏ నిష్పత్తి తీసుకున్నా అదే క్రమంలో వంపు మీది మరో బిందువు దొరుకుతుంది. నాలుగు చుక్కల ఎనిమిది అంకెలతో ఒక వంపు మొత్తం చెప్పేసినట్టే. ఇలాంటి నాలుగు ముక్కలు అతికిస్తే వృత్తం వస్తుంది, నూటికి నూరుపాళ్లు కాకపోయినా. తేడా వ్యాసార్ధంలో 0.027 శాతం. 200 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రం చెక్కితే తప్పు 0.027 మిల్లీమీటరు. వానాకాలంలో టేకు పలక అంతకంటే ఎక్కువే ఉబ్బుతుంది.

ఇలా అంకెల వంపులతో చెప్పిన బొమ్మే వెక్టర్. షాపువాళ్లు అడిగే డీఎక్స్ఎఫ్ ఇలాంటి బొమ్మను దాచే ఫైలే. పెద్దది చేయాలంటే అంకెలను గుణిస్తే సరి, అంచు చెదరదు. ఫోన్ తెర మీది తెలుగు అక్షరాలు కూడా ఫాంటు ఫైలులో ఇలాంటి వంపులుగానే ఉంటాయి. బెజియే తన వంపులు కోరుకున్నది తెర మీద అందం కోసం కాదు. గీసినదాన్ని గీసినట్టే మిల్లింగ్ యంత్రానికి అందించి నమూనా కోయించడానికి. తర్వాత ఆ వంపు అచ్చు రంగానికి, ఫాంట్లకు, గ్రాఫిక్స్‌కు పోయింది. డిజైన్ షాపులో కోరెల్‌డ్రాలో గీసి రూటరుకు పంపినప్పుడు అది పుట్టింటికే వస్తోంది.

ఇక అసలు పని. గడులను వంపులుగా మార్చడాన్నే ట్రేస్ అంటారు. మార్చడం అనే మాట ఇక్కడ మోసం చేస్తుంది. ఎంపీ3ని మరో రకం పాట ఫైలుగా మార్చినట్టు కాదిది. ఫైలులో లేని గీత ఎక్కడ ఉండాలో ఎవరో ఒకరు, మనిషో ప్రోగ్రామో, తీర్పు చెప్పాలి. ముగ్గు ఫొటోనే తీసుకుని చూద్దాం.

మొదటి తీర్పు: ఏది ముగ్గు, ఏది నేల? తెల్లపిండి వేరు, సిమెంటు నేల వేరు అని మనకు చూడగానే తెలుస్తుంది. ప్రోగ్రాముకు 0 నుంచి 255 లోపు ఒక హద్దు కావాలి. దానికి పైన ముగ్గు, కింద నేల. హద్దు ఎక్కడ పెట్టాలో లెక్కించే పద్ధతుల్లో పేరున్నది జపాన్ పరిశోధకుడు నొబుయుకి ఓత్సు 1979లో ప్రచురించినది. ఏ హద్దు దగ్గర కోస్తే రెండు గుంపులూ ఒకదానికొకటి బాగా ఎడంగా ఉంటాయో దాన్ని ఎంచుకోవడం దాని కిటుకు. రెండే గుంపులుంటే అది చక్కగా పనిచేస్తుంది. ఉదయపు ఎండలో తీసిన ఫొటోలో సగం వాకిలి మీద గోడ నీడ పడి ఉంటుంది. నీడలో పడిన పిండి, ఎండలో ఉన్న సిమెంటు దాదాపు ఒకే ఛాయలో ఉంటాయి. అప్పుడు ఏ ఒక్క హద్దూ పనికిరాదు. బొమ్మను చిన్న భాగాలు చేసి ఒక్కోదానికి ఒక్కో హద్దు పెట్టాలి. లేదా, నీడ లేని వేళ మళ్లీ ఫొటో తీయాలి. ఈ రెండోదే తేలిక.

తర్వాత మరకలు. వేళ్ల సందుల్లోంచి రాలిన పిండి, నేల మీది ఇసుక, వీటికి తోడు జేపెగ్ చేసే చేటు. జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి గడుల చదరాలుగా కోసి, కంటికి అంతగా ఆనని వివరాలను పారేసి సైజు తగ్గిస్తుంది. ముగ్గు అంచు లాంటి పదునైన చోట అది పారేసినదాని బదులు సన్నని అలలు, రవ్వలు మిగులుతాయి. ఫార్వర్డ్ అవుతూ మళ్లీ మళ్లీ కుదించుకుపోయిన బొమ్మలో అవి ఇంకా పెరుగుతాయి. కన్ను వాటిని వదిలేస్తుంది, ట్రేస్ వదలదు. ప్రతి రవ్వ చుట్టూ ఒక గీత గీస్తుంది, రూటరు బుద్ధిగా పోయి దాన్ని చెక్కుతుంది. అందుకే ఇన్ని గడుల కంటే చిన్న మరకను లెక్కచేయొద్దని చెప్పే అమరిక ప్రతి ట్రేస్ ప్రోగ్రాములోనూ ఉంటుంది. దాన్ని మరీ పెంచితే రవ్వలతోపాటు ముగ్గు చుక్కలూ మాయమవుతాయి. చిన్న ఫొటోలో చుక్కకూ రవ్వకూ సైజులో తేడా ఉండదు మరి.

ఇప్పుడు అంచు. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ వెనక పనిచేసేది పోట్రేస్ అనే ప్రోగ్రాము. దాన్ని రాసింది గణితజ్ఞుడు పీటర్ సెలింగర్, మొదటి రూపం 2001లో వచ్చింది. అది చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. ముందు నలుపు తెలుపుల సరిహద్దు వెంట నడుస్తుంది. గడులు చదరాలు కాబట్టి ఆ దారి అంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. తర్వాత ఆ మెట్లకు అర గడి దూరం లోపల ఉండే తిన్నని గీతలు ఎన్ని కావాలో చూసి, వీలైనంత తక్కువ భుజాలున్న బహుభుజి ఎంచుకుంటుంది. అప్పుడు ఒక్కో మూల దగ్గర ఆగి, ఇది నిజమైన మూలా, వంపులో భాగమా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఒక అంకె మీద ఆధారపడుతుంది. మామూలుగా అది 1. సున్నాకు దించితే అన్నీ మూలలే, బొమ్మ పలకలు పలకలుగా వస్తుంది. 1.334కు పెంచితే మూల అనేదే ఉండదు, అన్నీ గుండ్రబడతాయి. మెలికల ముగ్గుకు పెంచుకోవచ్చు. అదే అంకెతో అమ్మవారి బొమ్మను ట్రేస్ చేస్తే కంటి కొస, శూలం మొన మొద్దుబారిపోతాయి.

ఒక చిన్న కిటుకు ఇక్కడే చెప్పాలి. అంచు గడులు సాధారణంగా పూర్తి నలుపూ తెలుపూ కాకుండా మధ్య ఛాయలో ఉంటాయి. సగం తెల్లగా ఉన్న గడి అంటే అంచు దాని నడుమగా పోతోందని అర్థం. అది అమూల్యమైన సమాచారం. హద్దు పెట్టి నరికేస్తే అది పోతుంది. అందుకే పనితెలిసినవాళ్లు ముందు బొమ్మను రెండు మూడు రెట్లు నున్నగా పెంచి, కొంచెం మసకబరిచి, ఆ తర్వాతే హద్దు పెడతారు. మసకబరిస్తే వివరం పోదా అనిపిస్తుంది కానీ, మెట్లు కరిగి అంచు అసలు చోటికి దగ్గరవుతుంది.

రంగుల బొమ్మ అయితే ఈ పనంతా ఒక్కో రంగుకూ విడిగా చేయాలి. పెడన కలంకారీలో రేఖకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కే పద్ధతిలో ఉన్నది ఈ విభజనే. అచ్చు చెక్కే పనివాడు మూల బొమ్మలో సిరా మరకను చెక్కడు, మధ్యలో తెగిన కాడను తెగినట్టే వదలడు. ట్రేస్ ప్రోగ్రాము ఈ రెండూ చేస్తుంది.

ముగ్గుతో అసలు పేచీ ఇంకా రాలేదు. పిండి గీతకు వెడల్పు ఉంది. ట్రేస్ గీసేది అంచును. కాబట్టి వాకిట్లో ఒక్క గీత ఉన్నచోట ఫైలులో రెండు గీతలు వస్తాయి, అటొకటి ఇటొకటి. వాటిని అలాగే రూటరుకిస్తే తలుపు మీద జంట గీతల ముగ్గు తయారవుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొదట తెల్లబోయేది ఇక్కడే. మనకు కావలసింది నడిమి గీత. దానికి వేరే పద్ధతి ఉంది. గీత వెడల్పును రెండు వైపుల నుంచి ఒక్కో గడి చొప్పున, తెగిపోకుండా, ఒకే గడి మిగిలేదాకా చెక్కేసుకుంటూ పోవడం. 1984లో వచ్చిన జాంగ్, స్యువెన్‌ల పద్ధతి ఇందులో బాగా వాడుకలో ఉన్నది. తిన్నని చోట్ల అది బాగానే ఉంటుంది. రెండు గీతలు ఏటవాలుగా దాటుకునే చోట మాత్రం కూడలి ఒక బిందువుగా రాదు. దగ్గరదగ్గరగా రెండు మూడుదారుల కూడళ్లు, వాటి మధ్య ఒక పొట్టి వంతెన వస్తాయి. మెలికల ముగ్గంటేనే దాటుకునే గీతలు. చుక్కలు చుట్టి వచ్చే ఒకే గీత, తనను తానే ఎన్నో చోట్ల దాటి, మొదలైన చోటుకే చేరుతుంది. ఆ ఏకగీత గుణం ట్రేస్‌లో చచ్చిపోతుంది. మిగిలేది కూడలి కూడలికీ తెగిన ముక్కలు. రూటరు ప్రతి ముక్క చివరా బిట్ లేపి, ఇంకోచోట దించుతుంది. దించిన ప్రతిచోటా చెక్కలో చిన్న గుర్తు పడుతుంది.

వెడల్పుతో సహా చెక్కాలనుకుంటే వీ-బిట్ ఉంది. మొన కిందికి ఉన్న శంకువు ఆకారపు బిట్ అది. ఎంత లోతు దిగితే అంత వెడల్పు కోస్తుంది. మొన కోణం 90 డిగ్రీలైతే 10 మిల్లీమీటర్ల వెడల్పు గాడికి 5 మిల్లీమీటర్ల లోతు. 60 డిగ్రీలైతే 8.66. గీత వెడల్పయ్యే చోట బిట్ దిగుతుంది, సన్నబడేచోట లేస్తుంది. మూలలోకి పోయేకొద్దీ పైకి లేచి మొనతో ముగిస్తుంది. గుండ్రని బిట్‌కు సాధ్యం కాని పదునైన లోపలి మూల దీనితో వస్తుంది. అందుకే చెక్క మీద అక్షరాలు చెక్కేవారికి ఇదంటే అంత ఇష్టం.

బిట్ ఏ దారిన నడవాలో చెప్పే గణితం ఒక జీవశాస్త్రపు ఆలోచన నుంచి వచ్చింది. కన్ను ఆకారాలను ఎలా గుర్తుపడుతుందో ఆలోచిస్తూ హ్యారీ బ్లమ్ అనే ఆయన 1967లో ఒక ఊహ చెప్పాడు. ఆకారం మొత్తాన్ని ఎండుగడ్డి పొలం అనుకోండి. గట్టు చుట్టూ ఒకేసారి నిప్పు పెడితే మంట అన్నివైపుల నుంచి సమాన వేగంతో లోపలికి వస్తుంది. ఎదురెదురు మంటలు ఎక్కడ తగులుకుని ఆరిపోతాయో ఆ బిందువుల వరుసే ఆకారపు నడిమి ఇరుసు. వీ-బిట్ మొన నడిచేది సరిగ్గా ఆ ఇరుసు మీదే. మంట అక్కడికి చేరడానికి పట్టిన కాలమే అక్కడి లోతును నిర్ణయిస్తుంది. ట్రేస్ అంచులో చిన్న గతుకు ఉన్నా ఇరుసుకు ఒక కొత్త కొమ్మ మొలుస్తుంది. తెర మీద కంటికానని గతుకు చెక్క మీద అంచు నుంచి లోపలికి గీరుకుపోయిన గాటుగా కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడితే మరీను.

మామూలు గుండ్రని బిట్‌కు దాని చిక్కులు దానివి. 6 మిల్లీమీటర్ల బిట్ లోపలి మూలలో 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గుండ్రదనం వదిలి తీరుతుంది. ఆపరేటరును తిట్టి లాభం లేదు. 6 మిల్లీమీటర్ల కంటే సన్నని సందులోకి అది దూరదు, సాఫ్ట్‌వేర్ ఆ భాగాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. బిట్ గీత మీద కాకుండా గీతకు పక్కగా, తన మందంలో సగం దూరంలో నడవాలి. ఏది పక్క, లోపలా బయటా అన్నది తెలియాలంటే గీత మూసుకుని ఉండాలి. ట్రేస్‌లో కంటికి కనబడని వెంట్రుకవాసి ఖాళీ ఒక్కటి ఉన్నా సాఫ్ట్‌వేర్‌కు లోపల, బయట తేడా తెలియదు.

జాలీ కటింగ్‌లో, అంటే పలకను ఆరపార కోసే పనిలో, ఇంకో సంగతి ఉంది. చుట్టూ కోస్తే నడుమ ఉన్నది ఊడిపడుతుంది. పేరులో సున్న ఉంటే దాని మధ్య బిళ్ల నేల మీద ఉంటుంది. మెలికల ముగ్గులో చుక్క చుట్టూ తిరిగిన ప్రతి మెలికదీ ఇదే గతి. అక్కడక్కడా కోయకుండా వదిలే వంతెనలు పెట్టాలి. అవి ఎక్కడుంటే అందం చెడదు, పలక బలం పోదు అన్నది ఏ ట్రేస్ ప్రోగ్రామూ చెప్పదు. తలుపుల జాలీల్లో చేయి తిరిగినవాడు మాత్రం చూడగానే చెబుతాడు.

ఇంతకంటే కనబడని జబ్బు నోడ్‌ల లెక్క. వంపుల అతుకు బిందువులను నోడ్‌లంటారు. నాలుగు నోడ్‌లు చాలిన చక్రానికి ట్రేస్ నలభై పెట్టగలదు, ఫొటో గరుకుగా ఉంటే ఇంకా ఎక్కువ. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు రూటరుకు పంపేముందు వంపును చిన్న చిన్న తిన్నని ముక్కలుగా విరగ్గొడతాయి. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న వంపును 0.01 మిల్లీమీటరు లోపు తప్పుతో చెప్పాలంటే ఒక్కో ముక్క 2 మిల్లీమీటర్లు ఉండవచ్చు. గతుకుల ట్రేస్ నుంచి వచ్చే ముక్కలు అందులో ఇరవయ్యో వంతు ఉంటాయి. దాంతో ఏమవుతుంది? చిన్న రూటర్లలో విరివిగా వాడే జీఆర్‌బీఎల్ అనే నియంత్రకం రాబోయే పదహారు ముక్కలను ముందుగా చూసుకుంటుంది. తనకు తెలిసిన దారి ముగిసేలోగా ఆగగలిగినంత వేగంతోనే పోతుంది. ముక్క 0.1 మిల్లీమీటరైతే దానికి కనబడే దారి 1.6 మిల్లీమీటర్లు. సెకనుకు సెకనుకు 200 మిల్లీమీటర్ల చొప్పున వేగం తగ్గించగల యంత్రం ఆ దూరంలో ఆగాలంటే, నిమిషానికి 1500 మిల్లీమీటర్లకు మించి పోలేదు, మీరు 3000 అని పెట్టినా సరే. అంతే కాదు, తడబడుతూ నడుస్తుంది. నిదానించిన చోట బిట్ అదే చోట రుద్దుకుని ఎండీఎఫ్ పలకను మాడుస్తుంది. వంపు మీద నల్లచారలు కనిపిస్తే బిట్‌ను తిప్పే స్పిండిల్‌ను అనుమానించే ముందు నోడ్‌లు లెక్కపెట్టాలి.

నోడ్‌లు తగ్గించే ఉపాయాలూ ఉన్నాయి. 1972లో రామర్, 1973లో డగ్లస్, ప్యూకర్ విడివిడిగా చెప్పిన పద్ధతి ఒకటి: రెండు కొసలనూ తిన్నగా కలిపి, ఆ గీతకు అన్నిటికంటే దూరంగా ఉన్న బిందువు మనం ఒప్పుకున్న దూరం లోపే ఉంటే మధ్యవన్నీ తీసేయడం, దాటితే అక్కడ రెండుగా విడగొట్టి మళ్లీ అదే పని. డగ్లస్, ప్యూకర్ దాన్ని చెప్పింది పటాల గీతల కోసం. సాఫ్ట్‌వేర్‌లో సింప్లిఫై అని నొక్కినప్పుడు ఇలాంటిదేదో నడుస్తుంది. ఒకటి రెండుసార్లు మేలే. అదే పనిగా నొక్కితే ముగ్గు కుంగిపోతుంది.

ఉబ్బెత్తు శిల్పం, అంటే దేవుడి విగ్రహంలా ఎత్తుపల్లాలున్న పని కావాలంటే కథ వేరు. దానికి వెక్టర్ కాదు, ప్రతి గడిలోని అంకెను ఎత్తుగా తీసుకునే బిట్‌మ్యాపే పనికొస్తుంది. మామూలు ఫొటో మాత్రం పనికిరాదు. అందులో ఉన్నది వెలుతురు, ఎత్తు కాదు. నల్లటి మీసం గొయ్యిగా, నుదుటి మీది మెరుపు బొడిపెగా వస్తుంది. ఆ పని వేరే వ్యాసానికి వదిలేద్దాం.

ముగ్గు తలుపుకు నేనైతే ట్రేస్ వాడను. కారణం ఓపిక లేకపోవడం కాదు. ముగ్గులో ఫొటోకు ఎక్కని నియమం ఒకటుంది. సరి చుక్కా సందు చుక్కా, ఎన్ని వరసలు, చుక్కల మధ్య ఎంత ఎడం అన్నది ముందే తేలిన విషయం. మెలిక చుక్కల మధ్యనుంచి పోతుంది, ఒకే వ్యాసార్ధంతో తిరుగుతుంది, కుడి ఎడమలు ఒకటే, పైనా కిందా ఒకటే. వేసిన ఆవిడ చేతి వణుకు, నేల వాలు, ఫోన్ వంచి పట్టుకున్న కోణం ఇవన్నీ కలిసి ఆ నియమాన్ని చెదరగొట్టాక మిగిలినది ఫొటో. ట్రేస్ ఆ చెదిరిన ఆకారాన్నే నమ్మకంగా కాపీ చేస్తుంది. దానికి ఆకారం తెలుసు, నియమం తెలియదు. ఫొటోను తెర మీద అడుగున పరిచి, పైన 50 మిల్లీమీటర్ల ఎడంతో తొమ్మిదికి తొమ్మిది చుక్కలు పెట్టి, పావు ముగ్గు మాత్రం వృత్తఖండాలతో గీసి, కుడికి, కిందికి అద్దం తిప్పితే చాలు. 400 మిల్లీమీటర్ల చుక్కల చదరం, అన్ని వైపులా ఒకే తీరు, గీత ఎక్కడా తెగదు. వృత్తఖండాలు కాబట్టి మరకు జీ2, జీ3 ఆదేశాలుగా సూటిగా వెళ్లగలవు, ముక్కలు కావలసిన పని లేదు. చేతితో గీయడానికి పట్టే సమయం, ట్రేస్ చేసి రవ్వలు ఏరి జంట గీతలు చెరిపి తెగినవి అతికించడానికి పట్టే సమయం కంటే తక్కువ.

నలుపు తెలుపుల్లో శుభ్రంగా ముద్రించిన లోగో, పాత పుస్తకంలోని బొమ్మ, చేతిరాత సంతకం, ఇలాంటివాటికి ట్రేస్‌ను మించింది లేదు. సంతకంలో వెతికి పట్టుకోవలసిన నియమమేమీ ఉండదు. దాని వంకరే దాని విలువ. ఏఐతో చేయించిన బొమ్మలు ఇప్పుడు షాపులకు విపరీతంగా వస్తున్నాయి. అవీ గడులే. చూడ్డానికి సమంగా కనిపించే ఆ నెమళ్ల జంటలో ఎడమ నెమలి ఈకలు లెక్కపెట్టి, కుడిదానివీ లెక్కపెట్టండి, తెలుస్తుంది. ఒక నెమలిని మాత్రమే ట్రేస్ చేసి, సరిదిద్ది, అద్దం తిప్పడం మేలు.

షాపుకు బొమ్మ పంపేవారు కొన్ని పనులు చేస్తే డిజైన్ చార్జీలో సగం వాదన తప్పుతుంది. పేరు పలక అయితే అక్షరాలను ఫొటో తీయకండి. పేరు యూనికోడ్‌లో టైపు చేసి, ఏ ఫాంటు కావాలో చెప్పండి. ఫాంటులో వంపులు ముందే ఉన్నాయి. అక్షరానికి ఒత్తు తగిలే చోట రెండు ఆకారాలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటే, కోసేముందు వాటిని వెల్డ్ చేయమని, అంటే ఒకే ఆకారంగా కలపమని గుర్తుచేయండి, లేదంటే అక్షరం మధ్యలో అడ్డగీత పడుతుంది. కాగితం మీది బొమ్మ అయితే ఫోన్‌తో కాకుండా 300 డీపీఐలో స్కాన్ చేయించండి. అప్పుడు గడి 0.085 మిల్లీమీటరు, నాలుగు రెట్లు పెంచినా 0.34 దగ్గర ఆగుతుంది. 800 గడుల వెడల్పున్న వాట్సాప్ బొమ్మను 800 మిల్లీమీటర్ల తలుపుకు పెంచితే గడి ఒక్కోటీ ఒక మిల్లీమీటరు, మెట్లు చేతికి తగులుతాయి. నేల మీది ముగ్గు అయితే నీడ లేనప్పుడు, సరిగ్గా పైనుంచి, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఎన్ని చుక్కలు, సరి చుక్కో సందు చుక్కో రాసి పంపండి. పలక మందం, కోయాలా చెక్కాలా అన్నది కూడా రాయండి. వాట్సాప్‌లోనే పంపక తప్పదంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. అలా పంపిన ఫైలును వాట్సాప్ కుదించదు.